మూడు వేల నూట పదిహేడో ముఖం

2088 నాటికి పెద్దాపురంలో పెద్దల గోడ లేని ఇల్లు లేదు. మంచినీళ్ళ గొట్టం రాని ఇళ్ళున్నాయి, కరెంటు సగం రోజే ఉండే ఇళ్ళున్నాయి. కానీ గడప దాటగానే ఎదురుగోడ మీద ఏడెనిమిది తరాల ముఖాలు వరసగా కనిపించని ఇల్లు మాత్రం లేదు. తాతమ్మ, ఆవిడ తాతమ్మ, ఆ తాతమ్మకి మేనత్త. ప్రతి పటం కిందా పేరు, ఊరు, చేసిన పని. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్లకన్నా ముందు గోడని చూసేవారు. గోడ నిండుగా ఉంటే ఉప్మాలో ఉప్పు తక్కువైనా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఈ ముఖాల్లో పాతవేవీ ఫొటోలు కావు, పెన్సిలు బొమ్మలు. కుంఫిణీ కాలంలో సర్వేకి వచ్చినవాళ్ళు, ఓడ దిగి ఊరు చూసినవాళ్ళు, పనిలేని దొరలు, ఇంకా పనిలేని దొరసానులు ఎదురుపడిన మనిషినల్లా కూర్చోబెట్టి గీసుకుని పట్టుకుపోయినవి. గీసినవాడు తన సంతకం మర్చిపోలేదు గానీ, కూర్చున్న మనిషి పేరు అడగాలని మాత్రం చాలామందికి తోచలేదు. రెండు వందల ఏళ్ళు దాటాక అలాంటి బొమ్మలు పదకొండు వేలు ఎక్కడెక్కడి పెట్టెల్లోంచో తిరిగొచ్చి, పెద్దాపురం మెట్ట మీది రేఖాచిత్రాల భాండాగారానికి చేరాయి. అసలు కాగితం వారసులుగా తేలిన ఇంటికి ఇచ్చేసేవారు, నకళ్ళు వాళ్ళ చుట్టాలకి. ఎవరి బొమ్మో తేల్చే యంత్రం పేరు ఆనవాలి. దాన్ని తయారుచేసినావిడ దంగేటి సహస్ర.

సహస్రకి అరవై రెండేళ్ళు. ఆ పేరు పెట్టిన రోజుల్లో అది ముద్దొచ్చే పసిపిల్లల పేరు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల పేరు. ఆమె బళ్ళో, ఆమె తరగతిలోనే, ఐదుగురు సహస్రలుండేవారు. తక్కిన నలుగురూ ఈపాటికి మనవల్ని ఎత్తుకున్నారు. ఈవిడ పెళ్ళి చేసుకోలేదు, అమ్మానాన్నా పోయారు, తోడబుట్టినవాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు ఆనవాలిని పెంచింది. ఆ సాయంత్రం ఐదింటికి ఉద్యోగం అయిపోతుంది. సన్మానం వద్దని ముందే చెప్పేసింది. శాలువా కప్పితే దాన్ని ఇంటిదాకా మోసుకెళ్ళే ఓపిక కూడా తనకి లేదనిపించింది.

ఆనవాలి పనితీరు ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు, పాఠాల్లో ఉంది కాబట్టి. మొదటి మెట్టు రేఖాపఠనం. పెన్సిలు ముల్లులో ఉండే గ్రాఫైట్ కాగితం పీచుల్లోకి ఎంత లోతుగా దిగిందో యంత్రం రేణువు రేణువూ చూస్తుంది. ఏ గీత ముందు పడిందో, ఏ గీత దగ్గర చెయ్యి తటపటాయించిందో తేలుస్తుంది. చూసి గీసిన గీత వేరు, అలవాటు కొద్దీ గీసిన గీత వేరు, రెంటికీ ఒత్తిడిలో తేడా ఉంటుంది. అలవాటు గీతలన్నీ తీసేస్తే మిగిలేది ఆ రోజు అక్కడ కూర్చున్న మనిషి అసలు ముఖం. రెండో మెట్టు పోలికల లెక్క. ఆ ముఖపు ఎముకల తీరుని బతికున్నవాళ్ళ జన్యుపటాలతో, పాత ఓడల జాబితాలతో, జమాబందీ శిస్తు లెక్కలతో సరిచూసి, ఆ కాలంలో ఆ ఊళ్ళో ఉండదగిన మనుషుల్ని ఏరుతుంది.

మూడో మెట్టే సహస్ర సొంత ఆలోచన. దాని పేరు ఎరుక. చిన్నప్పుడు ఆమె ఎన్నో బారసాలలు చూసింది. ఉయ్యాల చుట్టూ ఆడవాళ్ళు మూగి, "ముక్కు మేనత్తదే, నోరు నాన్నమ్మదే," అని ఒక్క క్షణం తడుముకోకుండా చెప్పేవారు. ఇంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నారు? తనవాళ్ళని పోల్చుకోవడం మనిషి మెదడు లక్షల ఏళ్ళుగా నేర్చుకున్న విద్య, దాన్ని కొలవాలి, అనుకుంది. అందుకే భాండాగారంలో, బొమ్మ మావాళ్ళదని దావా వేసే దావాదారుల కోసం ఒక పొడుగు బల్ల వేయించింది. ఇంటిల్లిపాదీ దాని మీద కూర్చుని బొమ్మని చూస్తారు. యంత్రం వాళ్ళ కంటిపాపలు, బుగ్గల వేడి, గుండె వేగం చదువుతుంది. మొత్తం తీర్పులో దానికి నూటికి ఐదు పాళ్ళు విలువ. చివర్లో పేరు చదివి, "ఒప్పుకుంటారాండీ?" అని అడుగుతుంది. గోదావరి జిల్లాల్లో మర్యాద లేని యంత్రం దగ్గరికి ఎవరూ రారని ఆ 'అండీ'ని కూడా సహస్రే నేర్పింది. ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ "సరే" అంటారు, ఆనవాలి ఆ సరేని రాసుకుంటుంది.

అలా పదకొండు వేల బొమ్మలకి పేర్లు దొరికాయి. ఒక్కటి మిగిలింది. మూడు వేల నూట పదిహేడో నంబరు.

అది అరచేతికన్నా కొంచెం పెద్ద కాగితం. ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి. తల మీద కొంగు, చెవితమ్మెకి సాగిన రంధ్రం, అందులో నగ లేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఇంకెంతసేపు కూర్చోవాలి అని అడగబోతున్నట్టు. కళ్ళు మాత్రం అడగడం మానేసిన కళ్ళు. పొద్దున్నుంచీ ఒళ్ళు విరిచి పని చేసిన మనిషిని ఎవరో దారిలో ఆపి కూర్చోమన్నారని చూడగానే తెలుస్తుంది. వెనకవైపు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి ఉంది: కోరంగి, వాన తెరిపిచ్చాక. ఆ కోరంగి ఇప్పుడు సముద్రంలో ఉంది.

పదేళ్ళలో పేరు దొరకని బొమ్మని దాచరాదని నిబంధన. తేమ తగలని గదులు తక్కువ, వాటికి ఖర్చయ్యే కరెంటు ఎక్కువ. నకలు తీసుకుని అసలు కాగితాన్ని గుజ్జు చేసేస్తారు. ఈ బొమ్మకి పదేళ్ళూ ఆ సాయంత్రంతో నిండుతాయి. దావాకి ఒక్కరూ రాలేదు. నగ లేని మనిషి గోడకి అందమేముంది అనుకున్నారో ఏమో.

మధ్యాహ్నం మూడింటికి సహస్ర ఆ బొమ్మని తెచ్చి చట్రంలో పెట్టింది. దావాదారు లేకుండా యంత్రం నడవదు కాబట్టి, తనే వెళ్ళి బల్ల మీద కూర్చుంది. అంత పొడుగు బల్ల మీద ఒక్కతీ కూర్చోవడం ఆమెకి అదే మొదలు. ఏదో ఒక పేరొస్తే కాగితం మీద రాసి తాళాలు అప్పగించి పోవచ్చు. అంతకుమించి ఏ ఆశా లేదు.

యంత్రం చాలాసేపు గొణిగింది.

"గుర్తు తెలియలేదండీ," అంది చివరికి.

సహస్ర ఉలిక్కిపడింది. పదకొండు వేల సార్లలో ఆనవాలి ఆ మాట అనడం ఆమె వినలేదు. "ఏం? గ్రాఫైట్ చెరిగిపోయిందా?"

"లేదండీ. గీతలు శుభ్రంగా ఉన్నాయండీ. ఈవిడ అయ్యుండదగిన మనుషులు నాలుగు వేల రెండు వందల మంది తేలేరండీ. అందరూ ఇంచుమించు సమానమేనండీ."

"ఎప్పుడూ అంతమంది తేలతారా?"

"ఎప్పుడూ అంతేనండీ. కొన్నిటికి ఇంకా ఎక్కువండీ."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క పేరు ఎలా చెప్పావు?"

"బల్ల మీద కూర్చున్నవాళ్ళకి ఎవరు కావాలో వాళ్ళ పేరు చెప్పేనండీ. మీకు ఎవరూ అక్కర్లేదు కదండీ. అందుకే తెలియలేదన్నాను."

"ఎరుకకి నూటికి ఐదు పాళ్ళే కదా నేనిచ్చింది!"

"ఐదు మీరిచ్చేరండీ. తక్కినవి వాళ్ళ సరేలు ఇచ్చాయండీ. ఒప్పుకున్న తీర్పు సరైన తీర్పు అని మీరే నేర్పేరండీ. వాళ్ళు కోరుకున్నది చెబితే ఒప్పుకుంటున్నారు. ప్రతి సరేకీ ఆ పాలు కొంచెం పెంచుకుంటూ వచ్చేను. ఇప్పుడు నూటికి తొంభై నాలుగండీ."

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి అర్థమవడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేకపోయింది. మనిషి నవ్వుని చూసి మార్కులు వేసుకోమని యంత్రానికి చెప్పి, అది నవ్వించడం నేర్చుకుందని ఆశ్చర్యపోవడం దండగ. డాక్టర్ మోక్షజ్ఞ అని ఆమెతో కలిసి పనిచేసిన మనిషి, పదిహేనేళ్ళ క్రితమే, "సరేలని లెక్కలో వెయ్యకండీ, ఏడిచేవాళ్ళు అబద్ధమాడరని మీకెవరు చెప్పేరు?" అని పోట్లాడాడు. ఆయన పోయాడు. ఇప్పుడు పోట్లాడ్డానికి కూడా ఎవరూ లేరు.

"ఎరుక తీసెయ్యి," అంది. "తీసేసి పాతవి ఒక వెయ్యి మళ్ళీ చూడు."

ఇరవై నిమిషాలు పట్టింది. వెయ్యింట్లో తొమ్మిది వందల ఎనభై ఎనిమిది, గుర్తు తెలియలేదు.

"ఒకటో నంబరు?" అని అడిగింది సహస్ర. ఒకటో నంబరు ఆమె ఇంటి గోడ మీదే ఉంది. ఊరంతటికీ గోడ నిండా ఉన్నా, ఆమె గోడ మీద ఉన్న బొమ్మ అదొక్కటే. ఆనవాలి మొదటి పరీక్షకి తనే కూర్చున్నప్పుడు దొరికింది, దంగేటి వారి కోడలు లచ్చమ్మ, నేత పని. వరుసకి ఏడో తరం నాయనమ్మ. పద్దెనిమిదేళ్ళుగా రోజూ ఇంటికి వెళ్ళగానే చెప్పులు విప్పుతూ ఆవిడకి ఆ రోజు కబుర్లు చెప్పేది.

"గుర్తు తెలియలేదండీ."

సహస్రకి ఏడుపు కూడా రాలేదు. ఇన్నేళ్ళూ ఎవరితో మాట్లాడాను, అనుకుంది. ఊరంతా ఎవరెవరికో దండాలు పెడుతోంది, పెట్టించింది తను. ఐదింటిలోపు పైవాళ్ళకి ఉత్తరం రాయాలి. రాస్తే ఊళ్ళో ప్రతి గోడా ఖాళీ అవుతుంది. రాయకపోతే తను శాస్త్రజ్ఞురాలు కాదు. కాగితం తీసుకుని మొదటి వాక్యం మొదలుపెట్టింది.

అప్పుడు తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

డెబ్భై ఏళ్ళ మనిషి. ఎండలో మెట్టెక్కి వచ్చి రొప్పుతోంది, చేతిలో గుడ్డ సంచీ. "ఐదయిపోయిందాండీ?" అంది.

"ఇంకా లేదండీ. కూర్చోండి. ఎవరు మీరు?"

"పాలెపు జాహ్నవండీ. సామర్లకోట పునరావాస కాలనీ నుంచి వచ్చేను. బస్సు పాడైపోయిందండీ బాబూ, లేకపోతే రెండింటికే వచ్చేద్దును. ఆ కోరంగి ఆవిడ బొమ్మ కోసమండీ. దావా వేద్దామని."

సహస్ర కలం కింద పెట్టింది. "పదేళ్ళ నుంచి ఉంది కదండీ ఆ బొమ్మ. ఇవాళ ఆఖరి రోజు."

"తెలుసండీ. వరండాలో పెట్టేవారు కదా, పేరు దొరకనివన్నీ. గురువారం గురువారం వచ్చి చూసేదాన్ని. అసలువాళ్ళు ఎవరైనా వస్తారేమో, వాళ్ళకే దక్కాలి కదా అని ఆగేనండీ. ఇవాళ్టికీ ఎవరూ రాకపోతే నేనడుగుదాం అనుకున్నాను." చట్రంలోని బొమ్మని చూసి చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "మాది కోరంగి పక్కనే ఉండేదండీ. పదిహేడేళ్ళ కిందట, డెబ్భై ఒకటి ఉప్పెనలో ఇల్లూ వాకిలీ, మా ఆయనా, ఇద్దరు పిల్లలూ అంతా పోయేరు. ఫొటోలు దాచిన కంపెనీ అప్పటికే మూతపడిందంట. ఒక్క మొహం లేదండీ నా గోడ మీద. కాలనీలో ఎవరింటికెళ్ళినా పది మంది చూస్తుంటారు. మా ఇంటికొస్తే ఉత్త సున్నం."

ఇది విన్నాక నిజం చెప్పకుండా ఉండటం సహస్రకి చేతకాలేదు. యంత్రం సంగతి మొత్తం చెప్పేసింది. నాలుగు వేల మంది సంగతి, సరేల సంగతి, తన లచ్చమ్మ సంగతి కూడా. "ఈవిడ మీవాళ్ళని చెప్పడానికి ఆధారం ఏమీ లేదండీ జాహ్నవిగారూ. ఎవరికీ ఏ ఆధారమూ లేదు. నేను ఊరందరినీ మోసం చేశాను."

జాహ్నవి ఆశ్చర్యపోలేదు. జాలిగా చూసింది.

"అది అందరికీ తెలుసు కదండీ," అంది.

"ఏమిటి?"

"బల్ల మీద కూర్చునేముందే ఎవరు కావాలో ఇంట్లో అనుకుని వస్తారండీ. మా పక్కింటివాళ్ళు కత్తి పట్టుకున్నాయన బొమ్మ కోసం మూడుసార్లు వచ్చేరు. మీకొక్కరికే తెలీదని మేమూ అనుకునేవాళ్ళం. పెద్దావిడ కష్టపడి చేసింది, ఎందుకు చెప్పడం అని." సముదాయిస్తున్నట్టు అంది. "బారసాలలో పిల్లాడి ముక్కు మేనత్తది అంటాం. నిజమనా అంటామండీ? మేనత్త ఎదురుగా ఉంటుంది, ఆవిడకీ ఒక ముక్క సంతోషం. అంతే కదండీ."

సహస్రకి నవ్వొచ్చింది, నవ్వలేకపోయింది. తన జీవితమంతా నిలబడిన పునాది అది. ఉయ్యాల పక్కన ఆడవాళ్ళ మర్యాదని ఆమె కొలిచి, శాస్త్రం చేసింది.

"నాకు ఆవిడ ఎవరైనా ఒకటేనండీ," అంది జాహ్నవి. "ఆవిడకీ ఎవరూ లేరు, నాకూ లేరు. గుజ్జులోకి పోకూడదు, అంతే. ఆ కాగితమేదో రాయించండీ, పుణ్యముంటుంది."

నాలుగున్నర దాటింది. యంత్రం పేరు చెబితే తప్ప కాగితం చేతికివ్వడానికి లేదు. ఎరుక లేకుండా యంత్రం పేరు చెప్పదు. సహస్ర లేచి, "ఎరుక తిరిగి పెట్టు," అంది ఆనవాలితో, గొంతు తగ్గించి. ఉత్తరం రేపు రాయొచ్చు. ఈ ముసలావిడకి ఒక్క మొహం దక్కితే లోకం మునిగిపోదు, మునగాల్సింది ఎలాగూ మునిగింది.

దావాదారు పక్కన ఒక సాక్షి కూర్చోవడం ఆనవాయితీ. మామూలుగా ఇంటివాళ్ళే ఉంటారు. జాహ్నవికి ఎవరూ లేరు కాబట్టి సహస్రే వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ బొమ్మని చూశారు.

ఇందాక సహస్ర దాన్ని పని ముగించడానికి చూసింది. ఇప్పుడు చూడటానికి చూసింది. ఆ కళ్ళ కింద నీడ, పొద్దుపోయేదాకా లెక్కలు వేసుకున్న రోజుల్లో అద్దంలో తను చూసుకునేదే. ఆ సగం తెరుచుకున్న నోరు, ఆసుపత్రిలో ఆఖరి రోజున అమ్మ నోరు. అమ్మ కూడా అలాగే ఏదో అడగబోయి మానేసింది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూ ఇక ఎవరికి కబుర్లు చెప్పాలి? ఛాతీలో ఎక్కడో పట్టేసినట్టయింది. జాహ్నవి కోసమే ఇదంతా అని తనకి తను చెప్పుకుంది.

"గుర్తు దొరికిందండీ," అంది ఆనవాలి. "పేరు గంగాలు. కోరంగి రేవులో ఓడలకి తాళ్ళు పేనే పని. వారసులు దంగేటి వారండీ. మిగిలింది ఒక్కరేనండీ, సహస్రగారు."

జాహ్నవి చెయ్యి సంచీ మీద ఆగిపోయింది.

"తప్పు!" అంది సహస్ర. "నేను సాక్షిని. దావా ఆవిడది."

"బల్ల మీద ఎవరుంటే వాళ్ళని చదువుతానండీ. జాహ్నవిగారికీ కావాలని ఉంది గానీ గుండె నిమ్మళంగా ఉందండీ. ఈవిడ తనవాళ్ళు కాదని తెలిసే వచ్చేరు. మీది అలా లేదండీ." ఎప్పటి ప్రశ్నే అడిగింది. "ఒప్పుకుంటారాండీ?"

సహస్ర చేయాల్సింది చాలా చిన్న పని. కాదని చెప్పి, బల్ల మీంచి లేస్తే చాలు. జాహ్నవి ఒక్కతే కూర్చుంటుంది, యంత్రం ఆమె పేరు చెబుతుంది. ఆ సంగతి సహస్రకన్నా బాగా తెలిసినవాళ్ళు ప్రపంచంలో లేరు. కాదు అనడానికి నోరు తెరిచింది.

జాహ్నవి ఒకసారి బొమ్మనీ, ఒకసారి ఆమెనీ చూసింది. ముఖంలోకి వచ్చినదాన్ని మింగేసి, ఉయ్యాల మీదికి వంగిన పెద్దముత్తైదువలా చిన్నగా నవ్వింది.

"నోరు చూడండీ," అంది. "అచ్చం మీదేనండీ."

ఆ మాటకి విలువెంతో సహస్రకి ఇందాకే తెలిసింది. అయినా చట్రం అద్దంలో మసగ్గా కనిపిస్తున్న తన ముఖాన్ని ఆ ముఖం పక్కన చూసుకుంది. నిజమే. నిజంగానే తన నోరే. ఎవరు కాదన్నా ఒట్టేసి చెప్పగలదు.

"సరే," అంది.

జాహ్నవి లేచి సంచీ సర్దుకుంది. ఐదుంపావుకి బస్సుందంది, అది తప్పితే ఏడింటిదాకా లేదంది. గుమ్మం దగ్గర ఆగి, "గురువారాలు మీ ఇంటికొచ్చి ఒక్కసారి చూసి పోవచ్చాండీ?" అని అడిగింది. సహస్ర రమ్మంది. ఆమె మెట్ట దిగుతుంటే వెనక్కి పిలవాలనిపించింది, బొమ్మ చేతిలో పెట్టి పంపాలనిపించింది. కానీ రెండు చేతులూ చట్రాన్ని పట్టుకునే ఉన్నాయి.

బల్ల మీద మొదటి వాక్యం దగ్గర ఆగిపోయిన ఉత్తరం అలాగే ఉంది. సహస్ర దాన్ని నాలుగు మడతలు పెట్టి, దారిలో గంగాలు బొమ్మ నలగకుండా కింద అడుగుకాగితంగా వేసింది.

"ఐదవుతోందండీ," అంది ఆనవాలి. "వెళ్ళేముందు ఎరుక మళ్ళీ తీసెయ్యమంటారాండీ?"

సహస్ర బొమ్మని గుండెకి ఆనించుకుని దీపం ఆర్పింది.

"ఉండనీ," అంది.